కార్పొరేటర్ నుంచి కేంద్ర మంత్రి దాకా: బెంగళూరు నాయకుడి బయోడేటా ఎలా చదవాలి?

వర్తూరు చెరువుగట్టు అడిగిన ప్రశ్న:

మా చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలోని తెలుగువాళ్ల కోసం ఇక్కడి నాయకుల మీద తలో పేజీ పరిచయం రాస్తున్నాం. చాలామందికి సర్పంచి, ఎంపీటీసీ, జడ్పీ చైర్మన్ లెక్క కొట్టినపిండి. పాలికె (నగర కార్పొరేషన్), జీబీఏ (గ్రేటర్ బెంగళూరు అథారిటీ), బీడీఏ (బెంగళూరు అభివృద్ధి సంస్థ), జలమండలి (నీటి సరఫరా బోర్డు) అనేసరికి అంతా గందరగోళం. దానికి తోడు కరపత్రాలు. ఒకే మెట్రో లైను ఎంపీ తెచ్చానంటాడు, ఎమ్మెల్యే తెచ్చానంటాడు, మాజీ కార్పొరేటరు కూడా నా కృషే అంటాడు.

నమూనాగా వి. సోమణ్ణ గారి కెరీర్ తీసుకున్నాం. నగర కార్పొరేషన్‌లో మొదలై కేంద్ర సహాయ మంత్రి దాకా వెళ్లినవాళ్లు ఈ ఊళ్లో తక్కువ కాబట్టి. అసలు ఏ మెట్టు మీద ఏ అధికారం ఉంటుంది? మేయర్ పదవి పెద్దదా, ఎమ్మెల్యే పెద్దదా? ఎవరు ఏం చేశారో కాగితం మీద ఎలా తేల్చుకోవాలి? పార్టీల గొడవ వద్దు, ఆఫీసు లెక్క చెప్పండి చాలు.

బసవనగుడి బ్యూగిల్:

మంచి ఉదాహరణే పట్టుకున్నారు. కాకపోతే ఆయన కెరీర్‌ను వరసగా ఎక్కిన మెట్లలా రాస్తే తప్పు అర్థం వస్తుంది. పట్టాలు మార్చుకుంటూ నడిచిన బండి అది.

1983లో బెంగళూరు నగర కార్పొరేషన్‌లో సభ్యుడు. 1994లో బిన్నీపేట నుంచి జనతాదళ్ ఎమ్మెల్యే. 1999లో అదే బిన్నీపేటలో స్వతంత్రుడిగా, 2004లో కాంగ్రెస్ తరఫున గెలిచారు. మూడుసార్లు మూడు గుర్తులు, ఓటర్లు మాత్రం వాళ్లే. ఇక్కడ మీ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. ఇప్పుడు ఓటర్ల జాబితాలో బిన్నీపేట నియోజకవర్గం వెతికితే దొరకదు. 2008 పునర్విభజనలో ఆ పేరు పోయింది, గోవిందరాజనగర్ లాంటి కొత్త పేర్లు వచ్చాయి. 2008లో ఆయన గోవిందరాజనగర్ నుంచి కాంగ్రెస్ తరఫునే గెలిచి, మరుసటి ఏడు ఆ సీటు వదిలి బీజేపీలో చేరారు. ఉప ఎన్నికలో ప్రియకృష్ణ చేతిలో ఓడిపోయారు. ఆ తర్వాత విధాన పరిషత్తు (మన శాసనమండలి లాంటిది) దారిలో మళ్లీ సభలోకి వచ్చారు. 2018లో గోవిందరాజనగర్ తిరిగి గెలుచుకుని, 2019 తర్వాత గృహనిర్మాణ శాఖ చూశారు. 2023లో సొంత సీటు వదిలి వరుణలో సిద్ధరామయ్య మీద, చామరాజనగర్‌లో పుట్టరంగశెట్టి మీద ఒకేసారి పోటీ చేసి రెండుచోట్లా ఓడిపోయారు. ఏడాది తిరిగేసరికి 2024లో తుమకూరు నుంచి లోక్‌సభకు గెలిచి, జలశక్తి, రైల్వే శాఖల్లో సహాయ మంత్రి అయ్యారు. ఉట్టికి అందని చెయ్యి స్వర్గానికి అందిందన్నమాట!

దీన్లో మీ పేజీకి పనికొచ్చేవి మూడు. ఒకటి, లోక్‌సభ సీటు ఆయనకు బెంగళూరు ఇవ్వలేదు, తుమకూరు ఇచ్చింది. దేశంలో ఎక్కడ ఓటున్నా లోక్‌సభకు ఎక్కడినుంచైనా నిలబడొచ్చు. ఎమ్మెల్యే కావాలంటే ఆ రాష్ట్రంలో ఓటుండాలి. కార్పొరేటర్ కావాలంటే ఆ నగరపు జాబితాలోనే పేరుండాలి. రెండు, విధాన పరిషత్తు సభ్యత్వాన్ని చిన్నచూపు చూడకండి. సభలో లేనివాడు మంత్రిగా ఆరు నెలలకు మించి ఉండకూడదని రాజ్యాంగం 164వ అధికరణం చెబుతుంది. ఓడిపోయిన మంత్రికి ఆ గడువులో పరిషత్తే ఆసరా. మూడు, రెండు సీట్లలో పోటీకి చట్టం ఒప్పుకుంటుంది, మూడింటికి ఒప్పుకోదు. రెండూ గెలిస్తే ఒకటి వదిలెయ్యాలి.

ఇదే నగరంలో వేరే దారులూ ఉన్నాయి. రాజాజీనగర్ సురేశ్ కుమార్ రెండుసార్లు కార్పొరేటర్‌గా ఉండి 1994లో ఎమ్మెల్యే అయ్యారు, తర్వాత మంత్రి. ఢిల్లీ వైపు వెళ్లలేదు. అనంతకుమార్ దీనికి పూర్తిగా ఎదురు. కార్పొరేషన్ గడప తొక్కకుండానే 1996లో బెంగళూరు దక్షిణ నుంచి లోక్‌సభకు వెళ్లి, 2018లో చనిపోయేదాకా వరసగా ఆరుసార్లు ఆ సీటు నిలబెట్టుకున్నారు. ఆ సీటు 2019లో తేజస్వి సూర్యకు వచ్చేనాటికి ఆయన వయసు 28. పి.సి. మోహన్ మధ్యరకం: చిక్కపేటలో 1999, 2004లో ఎమ్మెల్యే, 2009 నుంచి బెంగళూరు సెంట్రల్ ఎంపీ. రిజ్వాన్ అర్షద్ అయితే సెంట్రల్‌లో 2014, 2019 రెండుసార్లూ ఓడి, 2019 డిసెంబరులో శివాజీనగర్ ఉప ఎన్నికలో ఎమ్మెల్యే అయ్యారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న సామెత ఈ ఊరి రాజకీయాలకు అతకదు.

ఫైలు కదలదు:

పై టైమ్‌లైన్ బాగుంది. నేను అధికారాల సంగతి చెబుతాను. అసలు చిక్కు అక్కడే ఉంది.

బెంగళూరులో కార్పొరేటర్ చేతిలో ఉండేవి వార్డు రోడ్లు, కాలువలు, చెత్త, వీధిదీపాలు, పార్కులు. అంతే. నీళ్లు, మురుగునీరు జలమండలివి. అది 1964 నుంచీ రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. లేఅవుట్లు 1976లో పుట్టిన బీడీఏవి. కరెంటు బెస్కాం, బస్సు బీఎంటీసీ, ట్రాఫిక్ పోలీసులది. వీటిలో ఏదీ మేయర్ మాట వినాల్సిన పని లేదు. 74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూల్లో 18 పనులు నగరపాలికలకు రాసింది నిజమే. కానీ వాటిని బదిలీ చేయడం రాష్ట్రం ఇష్టానికి వదిలేసింది. రాష్ట్రానికి అంత తొందర ఎప్పుడూ లేదు.

మీ వర్తూరు వైపు ఉదాహరణే తీసుకోండి. 2007లో పాత మహానగర పాలికెకు ఏడు నగరసభలు, ఒక పురసభ (రెండూ మునిసిపాలిటీలే), 110 గ్రామాలు కలిపి బీబీఎంపీ (బృహత్ బెంగళూరు మహానగర పాలికె) చేశారు. ఆస్తిపన్ను వెంటనే నగరం లెక్కలోకి వచ్చింది. ఆ 110 గ్రామాల కోసం తలపెట్టిన కావేరి ఐదో దశ, రోజుకు 775 మిలియన్ లీటర్లది, 2024 అక్టోబరులో ప్రారంభమైంది. మధ్యలో ఎంతమంది కార్పొరేటర్లు ‘కావేరి తెస్తా’ అన్నా, వాళ్ల సంతకంతో కదిలే ఫైలు కాదది. జపాన్ సంస్థ జైకా అప్పు, దానికి కేంద్రం ఆమోదం, రాష్ట్రం పూచీ, జలమండలి టెండరు. ఈ వరసలో కార్పొరేషన్ పని పైపుల కోసం తవ్విన రోడ్డును మళ్లీ పూడ్చడం. జనం తిట్టేది మాత్రం ఆ పూడ్చనివాణ్నే.

ఇక మేయర్. పేరు గొప్ప, ఊరు దిబ్బ. బీబీఎంపీలో మేయర్ పదవీకాలం ఒక్క ఏడాది, అదీ రిజర్వేషన్ రోటేషన్‌లో. బడ్జెట్ పుస్తకం అర్థమయ్యేలోపు దిగిపోవాలి. అమలు అధికారం కమిషనర్‌ది, ఆయన్ని వేసేదీ తీసేదీ రాష్ట్రం. 2020 చట్టం పదవీకాలాన్ని 30 నెలలు చేసింది గానీ, ఆ చట్టం కింద ఒక్క మేయర్ కూడా కూర్చోలేదు. 2020 సెప్టెంబరు 10తో కౌన్సిల్ గడువు ముగిసింది, 2025లో బీబీఎంపీ అన్న పేరే పోయేదాకా పాలనాధికారే నడిపించాడు.

మేయర్ ఎన్నికలో ఓటు కార్పొరేటర్లకే ఉంటుందనుకుంటారు చాలామంది. బీబీఎంపీలో నగర ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఇక్కడ ఓటరుగా నమోదైన రాజ్యసభ, విధాన పరిషత్తు సభ్యులు కూడా ఓటేసేవారు. 2015లో 198 వార్డుల్లో బీజేపీ 100 గెలిచింది, కాంగ్రెస్ 76, జేడీఎస్ 14, మిగతావాళ్లు 8. సగానికి పైగా గెలిచిన పార్టీ ప్రతిపక్షంలో కూర్చుంది. కాంగ్రెస్, జేడీఎస్, స్వతంత్రులు, పైనుంచి వచ్చిన ఓట్లు కలిసి మంజునాథ రెడ్డిని మేయర్ చేశాయి. రాజ్యసభ సభ్యుడి ఓటరు చిరునామా ఏ ఊళ్లో ఉందన్నది కూడా మేయర్ లెక్కలోకి వచ్చేస్తుందని తెలిస్తే, ఢిల్లీకి, వార్డుకి ఉన్న ముడి అర్థమవుతుంది.

కాబట్టి నగరం మీద నిజమైన పట్టున్న కుర్చీ ‘బెంగళూరు అభివృద్ధి’ శాఖ మంత్రిది. 2015 తర్వాత కె.జె. జార్జ్, 2023లో డి.కె. శివకుమార్ చేతికి వచ్చింది. కొందరు ముఖ్యమంత్రులు ఎవరికీ ఇవ్వకుండా తామే ఉంచుకున్నారు. ఎందుకుంచుకుంటారో చెప్పక్కర్లేదు కదా. 2025లో అమల్లోకి వచ్చిన గ్రేటర్ బెంగళూరు చట్టం ఈ ఏర్పాటును రాతపూర్వకం చేసింది. జీబీఏకి అధ్యక్షుడు ముఖ్యమంత్రి, ఉపాధ్యక్షుడు బెంగళూరు అభివృద్ధి మంత్రి. కిందన ఐదు కార్పొరేషన్లు.

ఎంపీకి సొంతంగా ఉండేది ఏడాదికి 5 కోట్ల ఎంపీల్యాడ్స్ (ఎంపీల స్థానిక అభివృద్ధి నిధి). అది కూడా చేతికి రాదు. ఆయన సిఫారసు చేస్తాడు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. అందులో 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు ఎక్కువగా ఉండే చోట్ల పెట్టాలి. ఎనిమిది అసెంబ్లీ సెగ్మెంట్లకు పంచితే ఒక్కోదానికి అరవై రెండున్నర లక్షలు దాటదు. ఎమ్మెల్యేకు కర్ణాటకలో ఏడాదికి 2 కోట్లు, అది ఒక్క సెగ్మెంటుకే. అంటే మీ వీధి లెక్కలో ఎమ్మెల్యే ఎంపీకి మూడు రెట్ల పైమాటే. ఈ రెండూ కలిపినా ఒక ఫ్లైఓవర్ స్తంభాలకు చాలవు. ‘ఎంపీ నిధులతో ఫ్లైఓవర్’ అని ఎక్కడైనా కనబడితే ఆ కరపత్రం పక్కన పడెయ్యండి.

ఎంపీ నిజంగా పనికొచ్చేది కేంద్రం సంతకం కావలసిన చోట. మెట్రో కార్పొరేషన్‌లో కేంద్రం, రాష్ట్రం చెరిసగం. సబర్బన్ రైలు చేపట్టిన కె-రైడ్‌లో రైల్వే శాఖ భాగస్వామి. బళ్లారి రోడ్డు, హొసూరు రోడ్డు జాతీయ రహదారి 44లో భాగం. లోయర్ అగరం రోడ్డు వెడల్పుకు అడ్డొచ్చింది సైన్యం భూమి. ఇలాంటివాటిలో ఎంపీ ఉత్తరానికి విలువుంది, మంత్రి అయితే ఇంకా విలువ. బెంగళూరు ఓటర్లు పంపినవాళ్లలో రైల్వే శాఖ దక్కినవాళ్లు కూడా ఉన్నారు. విధాన సౌధ కట్టించిన కెంగల్ హనుమంతయ్య ముఖ్యమంత్రి పదవి అయ్యాక ఎంపీగా వెళ్లి 1970ల మొదట్లో రైల్వే మంత్రి అయ్యారు. 1991 నుంచి 1995 దాకా జాఫర్ షరీఫ్ చూశారు, గేజ్ మార్పిడి పెద్దయెత్తున సాగింది అప్పుడే.

వర్తూరు చెరువుగట్టు:

చాలా థ్యాంక్స్ అండీ ఇద్దరికీ. రెండు సందేహాలు. మేయర్‌గా చేసి పైకి ఎదిగినవాళ్లు లేరా? చెన్నైలో స్టాలిన్ గారు మేయర్ నుంచే కదా వచ్చింది? రెండోది, ఒక వెబ్‌సైట్లో ఎంపీల పనితీరు చూస్తే సోమణ్ణ గారి పేరు మీద పార్లమెంటులో అడిగిన ప్రశ్నలే లేవు. అది రాయాలా?

మైలాపూరు మాడవీధి:

చెన్నై లెక్క నేను చెబుతాను. రెండు ఊళ్లకూ తేడా అంతా మేయర్‌ను ఎవరు ఎన్నుకుంటారన్న దాంట్లో ఉంది.

చెన్నైలో 1973లో మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీల) కుంభకోణం పేరు మీద కౌన్సిల్‌ను రద్దు చేశాక 1996 దాకా ఎన్నికే లేదు. 1996లో జనమే నేరుగా మేయర్‌ను ఎన్నుకునే పద్ధతి పెట్టారు. అలా నేరుగా ఎన్నికైన మొదటి మేయర్ స్టాలిన్. అప్పటికే ఆయన థౌజండ్ లైట్స్ ఎమ్మెల్యే, రెండూ కలిపే నడిపారు. 2001లో మళ్లీ రెండూ గెలిచారు. 2002లో జయలలిత ప్రభుత్వం, ఒకే మనిషి ఎన్నికైన రెండు పదవుల్లో ఉండకూడదని చట్టం తెచ్చింది. మేయర్ కుర్చీ పోయింది, ఎమ్మెల్యేగా మిగిలారు. 2006లో స్థానిక పాలన మంత్రి, 2009లో ఉప ముఖ్యమంత్రి, 2021లో ముఖ్యమంత్రి. మొత్తం కెరీర్ ఒక ఊరు, ఒక రాష్ట్రం. లోక్‌సభ లేదు.

అందుకే మేయర్ పదవి ఆయనకు పనికొచ్చింది. నగరమంతటా పేరు మోగింది, చేతిలో ఐదేళ్ల గడువుంది. మీ దగ్గర ఏడాదికోసారి మారే మేయర్‌కు అది ఎలా వస్తుంది? చెన్నైలోనూ పద్ధతి మారుతూ వచ్చింది. 1996, 2001, 2011లో నేరుగా, 2006, 2022లో కౌన్సిలర్ల ద్వారా. 2006లో అలా మేయర్ అయిన మా. సుబ్రమణియన్ ఐదేళ్లూ ఉన్నారు. తర్వాత సైదాపేట ఎమ్మెల్యే, 2021లో ఆరోగ్య మంత్రి. అంటే నేరుగా ఎన్నిక కాకపోయినా గడువు నిలిస్తే చాలు. 2022లో 200 వార్డుల కౌన్సిల్ ఎన్నుకున్న ఆర్. ప్రియ, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళిత మహిళ.

రెండు సభల చిక్కు గురించి ఒక పాత ఉదాహరణ. 1967లో అన్నాదురై దక్షిణ మద్రాసు నుంచి లోక్‌సభకు గెలిచారు. అదే ఎన్నికల్లో పార్టీ రాష్ట్రంలో గెలవడంతో ముఖ్యమంత్రి అయ్యారు. లోక్‌సభ సీటు వదిలేసి, మద్రాసు విధాన పరిషత్తు సభ్యుడయ్యారు. ఆ ఖాళీలో ఉప ఎన్నిక గెలిచి ఢిల్లీ వెళ్లినవారు మురసొలి మారన్. ఎమ్మెల్యే ఎంపీగా గెలిస్తే, గెజెట్లో ప్రకటన వచ్చిన 14 రోజుల్లో రాష్ట్ర సీటుకు రాజీనామా ఇవ్వాలి. ఇవ్వకపోతే పోయేది పార్లమెంటు సీటు. చాలామంది తిరగేసి రాస్తారు, మీ పేజీలో జాగ్రత్త.

అన్నట్టు, తెలుగువాళ్ల కోసమే పేజీ అంటున్నారు కాబట్టి: టి. నగర్‌కు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగువారే. మద్రాసు కార్పొరేషన్‌లో దాదాపు నాలుగు దశాబ్దాలు ఉన్నారు. 1920లో జస్టిస్ పార్టీ గెలిచినప్పుడు మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి) పదవి వద్దని సుబ్బరాయలు రెడ్డియార్‌కు వదిలేశారు. కార్పొరేషన్ కుర్చీకి అంత బరువున్న కాలం అది.

బసవనగుడి బ్యూగిల్:

బెంగళూరు మేయర్ల సంగతి: 2017-18 మేయర్ సంపత్ రాజ్ ఆ కుర్చీలో ఉండగానే 2018లో సి.వి. రామన్ నగర్ అసెంబ్లీకి నిలబడి ఓడిపోయారు. కార్పొరేటర్లు మాత్రం పైకి వెళ్తూనే ఉన్నారు. 2013లో మునిరత్న రాజరాజేశ్వరీనగర్, భైరతి బసవరాజ్ కె.ఆర్. పుర గెలిచారు, ఇద్దరూ అప్పటికి కార్పొరేటర్లే. 2023 జయనగర్‌లో రీకౌంటింగ్ అయ్యాక 16 ఓట్లతో గెలిచిన సి.కె. రామమూర్తి కూడా మాజీ కార్పొరేటరే. పదహారు ఓట్లంటే ఒక అపార్ట్‌మెంట్ బ్లాకులో రెండు అంతస్తులు. వార్డు స్థాయిలో గడపగడపా తెలిసినవాడికి ఉండే లాభం అది.

‘ఫైలు కదలదు’ గారు కార్పొరేటర్‌ను మరీ తీసిపారేశారు అనిపించింది. స్థాయీ సంఘాల్లో, ముఖ్యంగా పన్నులు-ఆర్థికం, పనుల సంఘాల్లో కూర్చున్న కార్పొరేటర్‌కు మేయర్ కంటే ఎక్కువ సాగుతుంది. వార్డులో పని మొదలైందా ఆగిందా అన్నదాని మీద కాంట్రాక్టర్ బిల్లు ఆధారపడుతుంది, ఆ కబురు ఇంజనీరుకు చేరవేసేది ఈయనే.

వాళ్ల కెరీర్ తెగిపోయేది చాలాసార్లు ఓటమితో కూడా కాదు, రోస్టర్‌తో. ఈసారి జనరల్ వార్డు తర్వాతిసారి మహిళలకు, వెనకబడినవారికి వెళ్తుంది. 2015లో సగం వార్డులు మహిళలవి. అప్పుడు భార్య పేరు బ్యాలెట్ మీద, భర్త ఫోటో బ్యానర్ మీద. మీ పేజీలో మాత్రం ఎన్నికైన ఆవిడ పేరే రాయండి. పదవి ఆవిడది, సంతకం ఆవిడది.

అఫిడవిట్ అప్పారావు:

ప్రశ్నలు లేవన్న దానికి సూటి సమాధానం: రాయకండి. మంత్రులు ప్రశ్నలు అడగరు, జవాబులు చెబుతారు. హాజరు పట్టీలో సంతకమూ పెట్టరు. సహాయ మంత్రికి కూడా అంతే. అందుకే ఆ సైట్లలో మంత్రుల గడి ఖాళీగా ఉంటుంది, సగటు లెక్కలోంచి కూడా తీసేస్తారు. మంత్రి అయితే లోక్‌సభ వెబ్‌సైట్లో ఆయన శాఖ ఇచ్చిన జవాబులు చూడండి. మామూలు ఎంపీ అయితే ప్రశ్నల సంఖ్య కాదు, పాఠం చదవండి. ఒక రోజుకు ఒక సభ్యుడి పేరు మీద గరిష్ఠంగా ఐదు ప్రశ్నలు వస్తాయి, అందులో నక్షత్రం గుర్తుది (సభలో మంత్రి నోటితో జవాబు చెప్పేది) ఒక్కటే. అదీ లాటరీలో తగిలితే. నక్షత్రం ప్రశ్నలు రోజుకు 20, లేనివి 230. ఒకే ప్రశ్న కింద పదిమంది ఎంపీల పేర్లు కనబడటం మామూలే, కలిపి పెట్టేస్తారు. దాన్ని పట్టుకుని ‘మా ఎంపీ అడిగితేనే’ అని కరపత్రం వేస్తారు. మీరే ఒక సమస్య అడిగించాలనుకుంటే పదిహేను రోజుల ముందు నోటీసు కావాలని గుర్తుంచుకుని, ఏ శాఖకో, ఏ అంకె కావాలో స్పష్టంగా రాసి ఇవ్వండి. ‘బెంగళూరు ట్రాఫిక్ గురించి’ అని ఇస్తే రాష్ట్ర పరిధి అన్న ఒక్క వాక్యం జవాబుగా వస్తుంది.

ఇక కాగితాలు. ఎమ్మెల్యే, ఎంపీ అభ్యర్థుల అఫిడవిట్ అంటే ఫారం 26, ఎన్నికల సంఘం సైట్లో ఉంటుంది. కార్పొరేటర్లది రాష్ట్ర ఎన్నికల సంఘం దగ్గర, అది వేరే సంస్థ. సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల తర్వాతే ఇవి తప్పనిసరి అయ్యాయి. కాబట్టి 1983 కార్పొరేటర్ ఆస్తుల పట్టిక కోసం వెతికి టైం పాడుచేసుకోకండి. ఒకే మనిషివి రెండు మూడు ఎన్నికల ఫారాలు పక్కపక్కన పెట్టండి. స్థిరాస్తి భాగంలో కొన్న తేదీ, కొన్న ధర, ఇప్పటి మార్కెట్ విలువ వేరువేరు గళ్లలో ఉంటాయి. ఆస్తి ఐదేళ్లలో మూడింతలైంది అని రాసేముందు ఆ తేదీలు చూడాలి. యలహంక వైపు ఇరవై ఏళ్ల క్రితం కొన్న స్థలం అదే అయ్యుండి మార్కెట్ విలువ మాత్రమే పెరిగి ఉండొచ్చు. కొత్త సర్వే నంబర్లు కనబడితే అది వేరే కథ. భార్య, అవిభక్త కుటుంబం, ఆధారపడినవాళ్ల గళ్లు విడిగా కూడండి. మొత్తం దగ్గర తప్పులు అక్కడే దొర్లుతాయి. ప్రభుత్వ బకాయిల గడి ఎవరూ చూడరు, ఆస్తిపన్ను బాకీ అందులోనే ఉంటుంది. పాలికె నడుపుతానని వచ్చేవాడు పాలికెకు బాకీ ఉన్నాడా అన్నది మీ ఓటర్లకు పనికొచ్చే సంగతి.

కేసుల దగ్గర పెండింగు, శిక్ష రెండూ ఒకటి కాదు. రెండేళ్లు, అంతకు మించి శిక్ష పడితేనే మామూలుగా అనర్హత. పెండింగు కేసులో ఏ సెక్షనో, కోర్టు అభియోగాలు నమోదు చేసిందో లేదో రాయండి. ధర్నా చేసినందుకు పెట్టిన కేసును, చీటింగ్ కేసును ఒకే అంకెలో కలిపి ‘ఆరు కేసులు’ అనడం అన్యాయం. ఖర్చు వివరాలు కూడా చూస్తే, 2022 నుంచి మనలాంటి రాష్ట్రంలో పరిమితి లోక్‌సభకు 95 లక్షలు, అసెంబ్లీకి 40 లక్షలు. ఆ లెక్క నిజమని నమ్మమని నేను చెప్పను.

వర్తూరు చెరువుగట్టు:

శిలాఫలకాల సంగతి ఎవరైనా చెబుతారా? మా వీధి చివర ఒకే కాలువ మీద రెండున్నాయి. రెండిట్లోనూ పేర్లు చాంతాడంత.

ఫైలు కదలదు:

పేర్ల వరస ప్రోటోకాల్, దాన్ని బట్టి ఏమీ తేలదు. ఎవరు శంకుస్థాపన చేశారు, ఎవరి అధ్యక్షతన, ఎవరు ముఖ్య అతిథి అని పైనుంచి కిందికి వస్తుంది. డబ్బు ఇవ్వనివాడి పేరు కూడా హోదా బట్టి పైన ఉంటుంది. మీరు చూడాల్సింది అడుగున చిన్న అక్షరాల్లో ఉండే అనుదాన (నిధులు) అనే వరస. అది ఏ పద్దో చెబుతుంది: శాసకర నిధి అంటే ఎమ్మెల్యేది, సంసదర నిధి అంటే ఎంపీది, పాలికె నిధి అంటే కార్పొరేషన్‌ది. ఆ వరస లేకపోతే పక్కన పని వివరాల బోర్డు ఉందేమో చూడండి, పని పేరు, అంచనా మొత్తం, కాంట్రాక్టర్ పేరు, గడువు ఉంటాయి. బోర్డూ లేకపోతే వార్డు ఇంజనీరు ఆఫీసుకు సమాచార హక్కు కింద దరఖాస్తు. ‘కాలువ గురించి వివరాలు’ అని రాస్తే జవాబు తిరిగొస్తుంది. రోడ్డు పేరు, ఏ క్రాసు నుంచి ఏ క్రాసు దాకా, ఏ ఆర్థిక సంవత్సరం, జాబ్ నంబరు, పనుల ఆదేశం నకలు, చెల్లించిన బిల్లుల నకళ్లు అని విడివిడిగా అడగండి. ఒకే కాలువ మీద రెండు ఫలకాలంటే రెండు పద్దులైనా అయ్యుండాలి, శంకుస్థాపన ఒకరు, ప్రారంభం ఇంకొకరు చేసినా అయ్యుండాలి. తేదీలు చూస్తే తెలిసిపోతుంది.

ఇంకొకటి, వార్డు నంబరు ఒక్కటే రాయకండి. 100 వార్డుల కాలం వేరు, 2010, 2015 ఎన్నికల నాటి 198 వేరు. తర్వాత 243 అన్నారు, 225 అన్నారు, వాటి మీద ఎన్నికే జరగలేదు. ఇప్పుడు ఐదు కార్పొరేషన్లకు కలిపి 369. మీది తూర్పు కార్పొరేషన్, 50 వార్డులు. అందులో ఉన్నవి మహదేవపుర, కె.ఆర్. పుర సెగ్మెంట్లు. మహదేవపుర బెంగళూరు సెంట్రల్ ఎంపీ కిందికి వస్తుంది, కె.ఆర్. పుర బెంగళూరు ఉత్తర ఎంపీ కిందికి. కార్పొరేషన్ ఒకటే అయినా ఎంపీలు ఇద్దరు. మీ పేజీ కె.ఆర్. పుర అపార్ట్‌మెంట్లకు కూడా పంచుతుంటే ఎంపీ గడి మార్చి రెండు రకాలుగా ప్రింటు తీయించండి.